పెండ్లిగుర్రానికి కాజూ బాదం

కుర్మయ్య పొద్దున్నే గుర్రాల ముఖం చూడడు. ముందు లద్ది చూస్తాడు.

లద్ది అంటే గుర్రం వేసే పేడ. ఆవుపేడకున్న మర్యాద దానికి లేదు. ఎవరూ వాకిట్లో కలాపి చల్లరు, గోడకు పిడకలు కొట్టరు, పండుగకు గొబ్బెమ్మలు పెట్టరు. కానీ గుర్రాన్ని నోరులేని జీవి అనేవాడికి లద్ది చదవడం రాదనే అర్థం. ఉండలు ఉండలుగా పడి, కాలితో నొక్కితే విరిగి, లోపల తడిగా, నలిగిన గడ్డి వాసన వస్తే ఆ గుర్రం రాత్రి హాయిగా గడిపినట్టు. మేకపెంటికల్లా గట్టిగా, పైన జిగురు పూసినట్టుంటే నీళ్ళు చాలనట్టు. అసలు వేయనే లేదంటే, వేసుకున్న చెప్పులు వదిలేసి డాక్టరు కోసం పరుగెత్తాల్సిందే. ఎందుకంటే గుర్రం కక్కలేదు. కుక్క కక్కుతుంది, పిల్లి కక్కుతుంది, మనిషి సంగతి చెప్పనే అక్కర్లేదు. గుర్రం గొంతులో తలుపు లోపలికే తెరుచుకుంటుంది. తిన్నది వికటిస్తే దానికి ఉన్న దారి ఒక్కటే, కిందపడి దొర్లి దొర్లి చావడం. రాజ్యాలు గుర్రాల వీపు మీద నిలబడ్డాయని పుస్తకాలు పుటలకు పుటలు రాశాయి. ఆ రాజ్యాల్లో ఎన్ని గుర్రాలు ఎవడో తెలివితక్కువవాడు పెట్టిన తిండికి కడుపునొప్పితో కూలిపోయాయో ఒక్కడూ రాసిన పాపాన పోలేదు.

కుర్మయ్యకు అరవై రెండేళ్ళు. అలియాబాద్ ఊరిబయట యాదగిరి పటేల్ ఫాంహౌసులో సాయీసు, అంటే గుర్రాల సంరక్షకుడు. ఆరెకరాల తోట, దాని చుట్టూ నాలుగు దిక్కులా వెంచర్ల ప్రహరీలు, మధ్యలో రేకుల లాయం, లాయంలో మూడు గుర్రాలు. ఒకటి రేసుల్లో పరుగెత్తి అలిసిపోయి వచ్చిన ముసలిది, ఒకటి ఆదివారాలు పిల్లలనెక్కించుకునే పొట్టిది. మూడోది పావురం. పిల్లగా వచ్చినప్పుడు బూడిదరంగులో ఉండేది కనుక కుర్మయ్య ఆ పేరు పెట్టాడు. ఆ రంగు గుర్రాలు వయసు పెరిగేకొద్దీ తెల్లబడతాయి. ఎనిమిదేళ్ళొచ్చేసరికి పావురం పాలమీగడలా తయారైంది. దాని కష్టాలన్నీ ఆ తెలుపుతోనే మొదలయ్యాయి.

గుర్రాలతో ఆ వంశానికి చుట్టరికం ఇప్పటిది కాదు. కుర్మయ్య తాత బొల్లారం రిసాలాకు, అంటే గుర్రపుదళానికి, గడ్డి కోసేవాడు. ఆ రోజుల్లో ఒక్కో గుర్రానికి ఎక్కేవాడొకడు, మాలిషు చేసేవాడొకడు, గడ్డి కోసేవాడొకడు. తాత చీకటుండగానే శామీర్‌పేట చెరువంచున గరిక వేళ్ళతో సహా చెక్కి, మట్టి దులిపి, ఏట్లో కడిగినట్టు కడిగి, మోపు నెత్తిన పెట్టుకుని బొల్లారం దాకా నడిచేవాడు. గడ్డిలో మట్టి మిగిలితే దెబ్బలు పడేవి, ఎందుకంటే ఆ ఇసుక గుర్రం కడుపులో చేరి కూర్చుంటుంది. ఆ మోపుల మీద బతికిన గుర్రాలనెక్కినవాళ్ళ పేర్లు రాళ్ళ మీద చెక్కి ఉన్నాయి. మోపు మోసినవాడి పేరు కుర్మయ్యకు తప్ప ఎవరికీ గుర్తులేదు. తండ్రి గొర్లు కాశాడు. గొర్లు మేసిన బీడు మీద ఇప్పుడు వెంచర్ల కమానులు లేచాయి, కమాను మీద ఏనుగులు, లోపల నంబరు రాళ్ళు. కుర్మయ్య పంతొమ్మిదో ఏట మలక్‌పేట వెళ్ళి రేసు గుర్రాల దగ్గర చేరాడు. ఇరవై మూడేళ్ళు చేశాడు. ఒక మగగుర్రం మోకాలు విరగ్గొట్టాక ఇంటికొచ్చాడు. ఆ మోకాలితోనే ఇప్పటికీ రోజూ మధ్యాహ్నం చెరువు దిక్కు పోయి గరిక కోసుకొస్తాడు. సంచుల్లో వచ్చే దాణాను అతను నమ్మడు.

ఇక యాదగిరి పటేల్. చెడ్డవాడని అనడానికి లేదు. ఊళ్ళో చావుకైనా పెండ్లికైనా ముందుంటాడు, అడిగినవాడికి లేదనడు. పొలాలు ప్లాట్లయ్యాక చేతికి ఉంగరాలు వచ్చాయి, ఇంటి ముందు జెండా కర్ర వచ్చింది. గుర్రాలు కూడా ఆ వరుసలోనే వచ్చాయి. ఆయన బావమరిది బోయిన్‌పల్లిలో సదర్ కోసం దున్నపోతును పెంచుతాడు. దీపావళి వెళ్ళాక జరిగే సదర్‌లో ఆ దున్న పూలదండలు, గజ్జెలు వేసుకుని, నల్లగా నిగనిగలాడుతూ, కొండలా నడిచొస్తుంటే పట్నమంతా గుమిగూడి చూస్తుంది. దానికి రోజూ కాజూ, బాదం, బెల్లం, యాపిళ్ళు, కోడిగుడ్లు. పశువు గొప్ప, దాన్ని మేపినవాడి గొప్ప ఒకటే ఆ లోకంలో. అది చూసి వచ్చిన కళ్ళతో యాదగిరి తన గుర్రాన్ని చూశాడు. కొడుకు పెండ్లి నెల రోజులుంది.

"ఏందయ్యా కుర్మయ్యా, గుర్రం గింత బక్కగుంది? పిల్లగాని బరాత్ దీనిమీదనే గదా. ఊరోళ్ళు సూసి యాదగిరికి తిండికి లేదనుకుంటరు."

"బక్కగ లేదు పటేలా," అన్నాడు కుర్మయ్య. "గుర్రం బొక్కలు కండ్లకు కనవడొద్దు గని చేతికి తాకాలె. ఇగో, ఇక్కడ చెయ్యి పెట్టి సూడు."

యాదగిరి చెయ్యి పెట్టలేదు. "మా బావమరిది దున్నపోతు మీద చెయ్యి పెడితే జారుతది తెల్సా? అద్దమోలె ఉంటది."

"దున్నకు నాలుగు కడుపులుంటయి. ఏదేసినా ఇందుల్నించి అందుల్ల, అందుల్నించి ఇందుల్ల తిప్పి అరిగిచ్చుకుంటది. దీనికున్నది ఒక్కటే, అది గూడ బిందెంత. కొంచెం కొంచెం గడ్డి, పొద్దంత. అంతే."

"ఓహో, నువ్వు లోపలికి పోయి లెక్కవెట్టొచ్చినవా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నలభై ఏళ్ళు గుర్రాల కడుపు పట్టుకుని నిద్రపోయినవాడి మాట ఒక్క నవ్వుతో కొట్టుకుపోయింది. మన దగ్గర చదువు లేనివాడికి తెలిసింది చదువు కాదు, డబ్బున్నవాడికి తెలియనిది తెలియకపోవడం కాదు. ఈ న్యాయం ఏ శాస్త్రంలో ఉందో వెదికితే దొరకదు. అమల్లో మాత్రం అన్నిచోట్లా ఉంది.

ఆ తర్వాత వారానికి ఒక పొద్దున పావురం లద్దిలో కుర్మయ్యకు పసుపుపచ్చని మక్కగింజలు కనిపించాయి. అరగకుండా, పండ్లవరుసల్లా. వంగి వాసన చూశాడు. పులిసిన బెల్లం. అతను మక్కలు పెట్టలేదు, బెల్లం అసలే పెట్టలేదు. ఆ మర్నాడు ఇంకా తెల్లవారకముందే వచ్చి లాయం వెనక నిలబడ్డాడు. చేతిలో స్టీలు బకెట్టుతో, కొంగు నడుముకు దోపుకుని యాదగిరి భార్య పద్మమ్మ వచ్చింది. బకెట్టులో ఉడికించిన మక్కలు, వాటిమీద నలగ్గొట్టిన బెల్లం, పైన చేతికందినంత కాజూ, బాదం. పావురం మెడ సాచి సకిలించింది. సకిలించదా మరి! పిల్లవాడికి చక్కెర చూపిస్తే వద్దంటాడా?

"పటేలమ్మా, దండం పెడత. ఆ బకీటు అక్కడ పెట్టు," అన్నాడు కుర్మయ్య.

పద్మమ్మ ఉలిక్కిపడి, తర్వాత నవ్వింది. "దొంగను పట్టుకున్నట్టు పట్టుకుంటివి గదయ్యా! ఇంట్ల పెండ్లి పెట్టుకొని నోరులేనిదానికి ఇంత పెట్టుకోవద్దా? నాకున్నది ఒక్క కొడుకు. దీన్ని గూడ కొడుకులెక్కనే సూసుకుంటున్న."

లాయం ఊడుస్తున్న సుక్కమ్మ చీపురు ఆపింది. ఆమె కుర్మయ్య భార్య. మాట లోపల దాచుకునే అలవాటు లేదు. "గది నిజమే పటేలమ్మా. ఒక్క తీరుగ మేపుతున్నవు, ఇద్దరు ఒక్క తీరుగ ఉబ్బుతున్నరు. ఎవలి మీద ఎవలెక్కుతరో సూడాలె ఇగ."

"నీ నోట్ల మన్నువడ!" అని పద్మమ్మ పడీపడీ నవ్వింది. బకెట్టు తీసుకుని వెనక్కి పోయింది. "ఇగ పెట్టనయ్యా, నీ మీద ఒట్టు," అంది పోతూ పోతూ.

కుర్మయ్య నమ్మాడు. అది అతని తప్పు. ప్రేమతో తప్పు చేసేవాళ్ళు మానుకోరు, వేళ మార్చుకుంటారు. మధ్యాహ్నం కుర్మయ్య గరికకు పోగానే బకెట్టు వచ్చేది. గుప్పెడున్న బాదం దోసెడయింది. ఇరవై రోజులు. పావురం నిజంగానే అద్దంలా మెరిసింది. యాదగిరి ఒక సాయంత్రం వచ్చి దాని పిరుదు మీద చెయ్యి వేసి, "సూసినవా? గిట్లుండాలె," అన్నాడు. కుర్మయ్య లద్ది చూసి మళ్ళీ మళ్ళీ అడిగాడు. అందరూ లేదన్నారు. అబద్ధమాడిన వాళ్ళెవరికీ తాము అబద్ధమాడుతున్నట్టు అనిపించలేదు. పశువుకు తిండి పెట్టడం పాపమవుతుందని వాళ్ళ ఏడు తరాల్లో ఎవరూ వినలేదు మరి.

పెండ్లి ఎల్లుండి అనగా, ఇంట్లో పసుపు ఫంక్షను రోజున, కుర్మయ్య లాయం తలుపు తీసి అక్కడే నిలబడిపోయాడు. పావురం ముందుకాళ్ళు రెండూ ముందుకు చాపి, బరువంతా వెనక్కి వేసి, వేడి పెనం మీద నిలబడ్డట్టు నిలబడి ఉంది. ఎడమ కాలు ఎత్తుతుంది, దించుతుంది, కుడి కాలు ఎత్తుతుంది, దించుతుంది. రమ్మంటే కదలలేదు. అతను కిందకూర్చుని గిట్ట మీద అరచెయ్యి పెట్టాడు. పొయ్యి మీది కుండలా ఉంది. గిట్టకు పైన నరం పట్టుకున్నాడు. మామూలుగా వెదికి వెదికి పట్టుకోవాల్సిన నాడి వేళ్ళను తన్నుతోంది.

"కాళ్ళు వట్టుకున్నయి," అన్నాడు. "సుక్కా, దీని కాళ్ళు వట్టుకున్నయే."

గుర్రానికి ఎక్కువైన తిండి కడుపులో పులిసి విషమవుతుంది. ఆ విషం రక్తంలో పడి, చిత్రంగా, గిట్టల్లోకి దిగుతుంది. గిట్ట లోపల చిన్న ఎముక ఉంటుంది, ఆ ఎముకను గిట్టగోడకు పట్టి ఉంచే పొర ఉంటుంది. ఆ పొర వాచి తెగితే మొత్తం గుర్రం బరువుకు ఎముక కిందికి దిగుతుంది. ఇంకా దిగితే అరికాలు చీల్చుకుని బయటికి వస్తుంది. అప్పుడిక తుపాకి తప్ప మందు లేదు. ఇదంతా కుర్మయ్య కళ్ళారా చూసినవాడు. చల్లటి నీళ్ళు పోయడానికి లేచాడు. ట్యాంకులో నీళ్ళు ఏప్రిల్ ఎండకు కాగి ఉన్నాయి. ఇంటి ముందు షామియానా కింద రెండు పెద్ద టబ్బుల నిండా మంచు, అందులో షర్బతు సీసాలు. కుర్మయ్య ఒక టబ్బులో సీసాలన్నీ గడ్డిమీద బోర్లించి, టబ్బు ఈడ్చుకుంటూ లాయానికి నడిచాడు.

పెండ్లి ఏర్పాట్లు చూసే అన్వేష్ కొంపల్లి నుంచి వచ్చిన కుర్రాడు. చెవిలో తీగ, చేతిలో రెండు ఫోన్లు. వెనకే పరుగెత్తుకొచ్చాడు. "హలో, హలో, పెద్దాయనా! అది వెల్‌కమ్ డ్రింక్స్‌ది!"

"వచ్చినోళ్ళకు గోరువెచ్చగ పొయ్యి. ఎవ్వలు సావరు," అన్నాడు కుర్మయ్య, పావురం ముందుకాళ్ళను ఒక్కొక్కటే మంచులో దించుతూ.

మేడ్చల్ నుంచి పశువుల డాక్టరు శృతి కబురు పోయిన గంటన్నరలో వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. గిట్టలు పట్టుకు చూసింది, నాడి చూసింది, దాణా తొట్టి అడుగున మిగిలిన బాదంపప్పు తీసి అందరికీ కనబడేలా అరచేతిలో పెట్టుకుంది.

"ఇది ఎవరు పెట్టారు?"

పద్మమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది.

"ఆరు వారాలు కదలకూడదు. కింద అడుగు మందాన ఇసుక పొయ్యండి. దాణా గింజ కూడా పెట్టొద్దు, గడ్డి ఒక్కటే, అది కూడా నానబెట్టి. ఐస్ మానొద్దు తాతా, మీరు చేసిందే కరెక్టు."

"ఆరు వారాలా? ఎల్లుండి బరాత్ డాక్టరమ్మా," అన్నాడు యాదగిరి. "ఒక్క సూదేసి నిలవెట్టున్రి. రెండు గంటల ముచ్చట. అటెనుక ఆరు వారాలు కాదు, ఆర్నెల్లు పండనీ."

"నొప్పికి మందు ఇస్తాను, నిలబడి ఉండటానికి. నడవడానికి ఇవ్వను. నొప్పి తెలియకుండా తారురోడ్డు మీద మనిషిని మోసిందంటే, దిగేసరికి దాని కాళ్ళుండవు." ఆమె చీటీ రాసి యాదగిరికి ఇవ్వలేదు, కుర్మయ్య చేతిలో పెట్టి వెళ్ళింది.

ఆమె బండి గేటు దాటీ దాటకముందే అన్వేష్ దగ్గరికొచ్చాడు. "సార్, టెన్షన్ లేదు. నాకు తెలిసినోడొకడున్నడు. వాడు సూదేస్తే కుంటి గుర్రం గూడ డాన్సు చేస్తది."

అప్పటిదాకా కింద కూర్చుని ఉన్న కుర్మయ్య లేచాడు. విరిగిన మోకాలు టక్కుమంది. "ఆణ్ణి పిలువు. ముందుగాల నీ కాళ్ళ గోర్లు పీకి, నీకు గా సూదేసి, మూడు కిలోమీటర్లు తారు మీద ఎగురమందాం. నువ్వెగిరితే గుర్రం గూడ ఎగురుతది."

"కుర్మయ్యా!" యాదగిరి గొంతు పెద్దదయింది. "ఎవల ముంగట మాట్లాడుతున్నవో తెలుస్తుందా? గుర్రం నీదా?"

"నీదే పటేలా. గుర్రం నీది, లాయం నీది, కొడుకు నీ కొడుకు. కాళ్ళు మాత్రం దానియి. నువ్వు పెట్టమన్నది వద్దని సెప్పిన, నవ్విండ్రు. పెట్టొద్దన్నది దొంగసాటుగ పెట్టిండ్రు. ఇగ ఇప్పుడు కాళ్ళు గుంజుకుంటరా? నేను బతికుండంగ దీని గిట్ట తారు మీద పడది."

"రేపటి నుంచి నువ్వు రాకు."

"రేపటి ముచ్చట రేపు. ఇయ్యాల మంచు తెప్పియ్యి."

తెప్పించారు, అదేమిటో. తిట్టుకుంటూనే తెప్పించారు. కానీ బరాత్ మానతామని ఎవరూ అనలేదు. సూదివాడికి కబురు పోయింది. బంధువులకు, స్నేహితులకు, పార్టీవాళ్ళకు సొంత గుర్రం మీద బరాత్ అని చెప్పుకుని ఉన్నారు. ఫోన్లలో పంపిన శుభలేఖ మీద పావురం బొమ్మ కూడా ఉంది. సాయంత్రం పెండ్లికొడుకు శ్రవణ్ ఒంటినిండా పసుపుతో లాయంలోకి వచ్చాడు. కండ్లకోయ ఐటీ పార్కులో ఉద్యోగం అతనికి. కుర్మయ్య అతని చెయ్యి పట్టుకుని గిట్ట మీద పెట్టాడు. శ్రవణ్ చెయ్యి చటుక్కున తీసేశాడు.

"కాలుతాంది కాకా."

"పొద్దుగాల సంది కాలుతాంది."

శ్రవణ్ పావురం ముఖం కేసి చూశాడు, గేటు కేసి చూశాడు, ఫోను మోగితే తీసుకుని బయటికి పోయాడు.

పని జరిగింది సుక్కమ్మ వల్ల. మర్నాడు పొద్దున పద్మమ్మ గాజులు వేయించుకుంటుంటే సుక్కమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. దండం పెట్టలేదు, ఏడవలేదు. "పటేలమ్మా, నాకొకటి సెప్పు. గుర్రానికి ముంగటి కాళ్ళే గదా పోయినయి. నడుమ తొవ్వల అవి ఒంగినయనుకో. మీదున్నోడు ఎటు పడ్తడు?"

పద్మమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. గాజు పగిలింది. పెండ్లింట్లో గాజు పగలడం ఒక ఎత్తు, బాసింగం కట్టుకున్న కొడుకు గుర్రం మీంచి ముఖాన పడటం ఇంకొక ఎత్తు. ఆమె లేచి నేరుగా యాదగిరి దగ్గరికి పోయింది. లోపల ఏం మాటలు జరిగాయో బయటికి సగమే వినబడ్డాయి. "అపశకునం" అన్న మాట మూడుసార్లు వినబడింది. గంటకల్లా సూదివాడిని రావద్దన్నారు. కిరాయి గుర్రం మాట్లాడమని అన్వేష్‌కు చెప్పారు.

సుక్కమ్మ ఆ సంగతి మోసుకొచ్చి చెబితే కుర్మయ్య ముఖం విప్పారలేదు, ఇంకా బిగుసుకుంది.

"అంటే దీనికి నొస్తదని ఆగలే. వాడు పడ్తడని ఆగిండ్రు."

"ఎందుకాగితేంది? ఆగింది గద!"

"నలుగురున్నరు. ఒక్కడు గూడ అయ్యో దాని కాళ్ళు అనలే. ఒక్కడంటే ఒక్కడు."

"అంటే నువ్వేం జేస్తవు, దండేస్తవా? సప్పుడుజేయక మంచు పొయ్యి."

అతను మంచు పోశాడు. కోపం మాత్రం దిగలేదు. నిజానికి సుక్కమ్మ మాటే లోకజ్ఞానం. ఎందుకు బతికిందో బతికినదానికి అక్కర్లేదు. కానీ కుర్మయ్యలాంటివాళ్ళకు అక్కర. ఎందుకంటే భయం వల్ల ఆగిన చెయ్యి భయం పోగానే మళ్ళీ లేస్తుందని వాళ్ళకు తెలుసు. ఆ సంగతి రుజువు కావడానికి ఒక్కరోజు పట్టింది.

పెండ్లినాడు ముహూర్తం పగలు పన్నెండుంబావుకు. తొమ్మిదిన్నరకు ఒక చిన్న ట్రాలీలో కిరాయి గుర్రం దిగింది. అది కూడా తెల్లదే. దాన్ని పట్టుకొచ్చినవాడు తలుపు తీసి, పగ్గం గేటుకు కట్టి, ఛాయ్ కోసం పోయాడు. కుర్మయ్యకు దాని దగ్గరికి పోవాలని లేదు. లాయం గడపలో కూర్చుని ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. చివరికి పోయాడు.

జీను మీద జలతారు గుడ్డ, అద్దాలు, కుచ్చులు. గుడ్డ ఎత్తి చూస్తే వెన్నుపూస మీద అరచెయ్యంత పుండు, దాని మీద ఎవరో తెల్లపౌడరు అద్దారు. నోట్లో ముళ్ళ కళ్ళెం, పెదవి చివర ఎండిన నెత్తురు. ఒక లాడం సగం అరిగి, మేకు పక్కకు వంగి ఉంది. నడుము దగ్గర చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలితే గుడారంలా లేచే ఉంది, దిగలేదు. ఒంట్లో నీళ్ళు లేవు.

ఛాయ్ తాగి వచ్చిన మనిషిని కుర్మయ్య అడిగాడు, "దీనికి నీళ్ళెప్పుడు పెట్టినవు?"

"రాత్రి ఒక బరాత్, పొద్దున్నొక బరాత్. ఎక్కడ టైమున్నది తాతా? నీళ్ళు తాగితే నడుమల పోస్తది, వీడియోల బాగుండదంటరు."

కుర్మయ్య అతన్ని కొట్టి ఉంటే ఎవరూ ఆశ్చర్యపోయేవాళ్ళు కాదు. కొట్టలేదు. ఆ మనిషి చెప్పులు కూడా అరిగిపోయి ఉన్నాయి. నిలువెత్తు షామియానా వైపు, డ్రోను ఎగరేస్తున్న అన్వేష్ వైపు, తలపాగా సవరించుకుంటున్న యాదగిరి వైపు చూశాడు. పావురం ఒక్కటి తప్పుకుంటే ఆ ఖాళీలోకి ఇంకొకటి వచ్చి నిలబడింది. ఒక్క జీవిని కాపాడానని గుండెల మీద చెయ్యి వేసుకుని కూర్చుందామన్నా కూర్చోనివ్వరు ఈ మనుషులు.

లాయంలోకి పోయి పావురం కళ్ళెం తెచ్చాడు. దానికి ముళ్ళు లేవు, నున్నటి కడ్డీ. ముళ్ళది ఊడదీసి ప్రహరీ అవతలికి విసిరేశాడు. తన దుప్పటి మడతపెట్టి నడుమ పుండు చుట్టూ ఖాళీ వచ్చేలా పరిచి, మీద జీను వేశాడు. మేకును బండరాయితో లోపలికి కొట్టాడు. సగం బకెట్టు నీళ్ళు పట్టాడు. అంతలోనే బ్యాండు మొదలైంది, ఇంకో సగం పట్టనివ్వలేదు. శ్రవణ్‌ను నలుగురు పట్టి పైకెక్కించారు. కుర్మయ్య పగ్గం అందుకున్నాడు.

"నిన్ను రావద్దన్న గదా," అన్నాడు యాదగిరి.

"గుర్రం కాడికి వస్తున్న. నీ కాడికి కాదు."

బరాత్ కదిలింది. ముందు డీజే బండి, దాని వెనక ఎగిరే పిల్లలు, వాళ్ళ వెనక గుర్రం. ఫంక్షన్ హాలు మూడు కిలోమీటర్లు. తారు కాగి మెత్తబడుతోంది. కుర్మయ్య గుర్రాన్ని రోడ్డు దింపి పక్కనున్న మట్టిబాట మీదికి తెచ్చాడు. అన్వేష్ పరుగున వచ్చాడు. "పెద్దాయనా, మధ్యలకు తీసుకురండి, ఫ్రేములో లేరు!" కుర్మయ్య వినలేదు. డీజే బండి దగ్గరికొచ్చినప్పుడల్లా గుర్రం చెవులు వెనక్కి పడేవి. అతను దానికీ బండికీ మధ్య నడిచాడు. కుంటుతూనే నడిచాడు. ఎవరో మామ వరస ఆయన నవ్వుతూ అరిచాడు, "అరే, గుర్రం మంచిగనే నడుస్తాంది గని సాయీసు కుంటుతుండు!"

సగం దారిలో ఒక టిఫిన్ సెంటరు. దాని ముందు నీళ్ళ డ్రమ్ము. కుర్మయ్య పగ్గం ఆపాడు.

"దిగు నాయినా," అన్నాడు శ్రవణ్‌తో.

బ్యాండు ఆగలేదు. ముందుకు పోయిన జనం వెనక్కి చూశారు. యాదగిరి చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. "ఏందయ్యా, ఏం లొల్లి? ముహూర్తం దాటిపోతాంది! ఎక్కియ్యి, జల్దీ!"

"నీళ్ళు తాగాలె."

"హాలుకాడ తాగుతది!"

"ఈడ తాగుతది. ఇది నీ గుర్రం గూడ కాదు పటేలా, కిరాయిది. దీని మీద నీ మాట చెల్లదు. నా మాట గూడ చెల్లదు. దప్పికైతే గుర్రానిదే చెల్లుతది." ఆ మాటతో పగ్గం చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. అరవై రెండేళ్ళ కోపమంతా అక్కడికొచ్చి నిలబడ్డట్టు. "దాని మంచిచెడ్డ దానికి ఎరుకే. పంతులుకు సెప్పు, నీళ్ళు తాగినంక వస్తున్నమని."

యాదగిరి పగ్గం మీద చెయ్యి వేశాడు. కుర్మయ్య వదలలేదు. ఇద్దరి మధ్యా గుర్రం తల దించుకుని నిలబడింది, దాని పెదవి అంచున నురగ తెల్లగా ఎండిపోయి ఉంది. పైనుంచి శ్రవణ్ ఒక్కసారి ఆ నురగను చూశాడు. చూసినట్టు కుర్మయ్యకు తెలిసింది, ఎందుకంటే జీను కిర్రుమంది. షేర్వాణీ ఎత్తిపట్టుకుని, బాసింగం జారకుండా ఒక చేత్తో పట్టుకుని, పెండ్లికొడుకు కిందికి దిగాడు. దిగినవాడు గుర్రం ముఖం ముందే నిలబడ్డాడు.

"బకెట్టు ఏది కాకా?" అన్నాడు.

టిఫిన్ సెంటరామె ప్లాస్టిక్ బకెట్టు ఇచ్చింది. శ్రవణ్ డ్రమ్ములో ముంచి, మంటపానికి వేసుకున్న కొత్త చెప్పులు తడుస్తుండగా, రెండు చేతులా ఎత్తిపట్టాడు. యాదగిరి చుట్టూ పది ఫోన్లు తన వైపు తిరిగి ఉండటం చూసి, పగ్గం వదిలి పక్కకు జరిగాడు. ఒక్కడు కూడా డీజే ఆపమనలేదు. గుర్రం మూతి నీళ్ళలో పెట్టింది. గుర్రం ఒక్కో గుటక మింగినప్పుడల్లా దాని చెవులు వెనక్కి ఊగుతాయి. ఎన్ని గుటకలు తాగిందో తెలియాలంటే చెవులే చూడాలి.

"కిందికి పట్టు, నాయినా. మెడ ఒంచి తాగాలె," అన్నాడు కుర్మయ్య.

శ్రవణ్ కిందికి పట్టాడు. బకెట్టు అడుగు కనబడింది. గుర్రం తల ఎత్తలేదు.

"ఇంకోటి ముంచు," అన్నాడు కుర్మయ్య, చెవుల మీంచి కళ్ళు తీయకుండా.